వైన్ పిచ్చి ఉన్న బావగారికి, వంట పిచ్చి ఉన్న అక్కయ్యకి ఏం కొనాలి?

మీరు అడిగిందాన్ని ముందు ఒకసారి కూడగట్టుకుంటాను. బెంగళూరులో ఉండే మీ బావగారికి వచ్చే నెల యాభై నిండుతున్నాయి. ఆయనకి వైన్ అంటే ప్రాణం, అక్కయ్యకి వంటంటే ప్రాణం. మీరు అమ్మానాన్నలతో కలిసి విజయవాడ నుంచి రైల్లో వెళ్తున్నారు. పదివేలలోపు ఇద్దరికీ పనికొచ్చేది ఏదైనా ఇవ్వాలి. వైన్ విషయంలో మీకు ఓనమాలు రావు. పైగా నాన్నగారి ముందు సీసా బయటికి తీయడమంటే మొహమాటం. ఇంతే కదా?

నేను హైదరాబాద్, బెంగళూరు హోటళ్ళలో ఫుడ్ అండ్ బెవరేజ్ విభాగంలో చాలాకాలం పనిచేశాను. వైన్ లిస్టు తయారుచేయడం, కొత్తగా చేరిన పిల్లలకి సర్వీసు నేర్పడం నా పని. డిసెంబరు వచ్చిందంటే చుట్టాల దగ్గర్నుంచి ఇలాంటి ఫోన్లే. అందరికీ ముందు చెప్పేది ఒకటే: ఇష్టాన్ని చూసి కొనకండి, అలవాటుని చూసి కొనండి. "ఆయనకి వైన్ ఇష్టం" అన్న ఒక్క ముక్కతో షాపుకి వెళ్తే, వాడు మీ చేతిలో సీసా ఆకారంలో ఉన్న గోడగడియారం పెట్టి పంపిస్తాడు. బావగారు వారంలో ఏ రోజు తాగుతారు, ఒక్కరేనా, అక్కయ్య కూడా ఒక గుక్క తీసుకుంటుందా, సీసా ఆ పూటే అయిపోతుందా, మిగిలితే ఫ్రిజ్‌లో పెడతారా, ఏ గ్లాసులో పోసుకుంటారు? ఇవి తెలిస్తే కానుక దానంతటదే బయటపడుతుంది.

తెలుసుకోవడానికి పెద్ద గూఢచర్యం అక్కర్లేదు. అక్కయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పాత ఫొటోలు తీయండి. పోయిన సంక్రాంతికో, పిల్లల పుట్టినరోజుకో తీసిన భోజనాల బల్ల ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూడండి. సీసా మూత తిప్పి తీసేదా, బిరడా ఉన్నదా? వైన్ ఉన్నది కాడ గ్లాసులోనా, మంచినీళ్ళ గ్లాసులోనా? గ్లాసు అంచు దాకా నింపారా, సగం కన్నా తక్కువ పోశారా? వైన్ మీద నిజంగా ధ్యాస ఉన్నవాళ్ళు మూడో వంతుకి మించి పోయరు, మిగతా చోటు వాసన నిలవడానికి వదిలేస్తారు. ఆ ఒక్క ఫొటో మీకు సగం పని చేసిపెడుతుంది.

ఇక అసలు విషయం. మీరు చెప్పినదాన్ని బట్టి నేను మొదట చూసేది గ్లాసులు. మన ఇళ్ళలో వైన్ కోసం వేలు ఖర్చుపెట్టేవాళ్ళు కూడా పెళ్ళికెవరో ఇచ్చిన మందపాటి గ్లాసుల్లోనే తాగుతుంటారు. తమ కోసం తాము మంచి గ్లాసు కొనుక్కోవడానికి చెయ్యి రాదు. సరిగ్గా అలాంటి వస్తువే కానుకకి పనికొస్తుంది. కింద వెడల్పుగా, పైకి వచ్చేసరికి కొంచెం దగ్గరపడే ఆకారం ఉండాలి. గ్లాసుని మెల్లగా తిప్పితే వైన్ పక్కలకి అంటుకుని వాసన పైకి లేస్తుంది, మూతి ఇరుకైతే అది బయటికి పోకుండా ముక్కుకి అందుతుంది. పెదవికి తగిలే అంచు పల్చగా ఉండాలి. చవక గ్లాసుల అంచు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమితే ఉంగరంలా తగులుతుంది. మంచి గ్లాసు అంచు కోసినట్టు సాఫీగా ఉంటుంది. షాపులో కళ్ళు మూసుకుని అంచు మీద వేలు తిప్పి చూడండి, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆస్ట్రియాకి చెందిన రీడెల్ కంపెనీ ఒక్కో ద్రాక్ష రకానికి ఒక్కో గ్లాసు అంటూ 1973లో ఒక వరస తెచ్చింది. అప్పటి నుంచి అదొక పెద్ద వ్యాపారం. కాబర్నేకి ఒకటి, పినో నువార్‌కి ఒకటి, షాంపేన్‌కి ఒకటి. తేడా అసలు లేదని నేననను. కానీ ఇంట్లో అది నడిచే పని కాదు. నాలుగు వందల మిల్లీలీటర్లకి అటూ ఇటూ పట్టే ఒకే రకం గ్లాసు, దాన్నే యూనివర్సల్ అంటారు, తెల్లదానికీ ఎర్రదానికీ రెంటికీ సరిపోతుంది.

ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ ఇంట్లో గ్లాసులు కడిగేదెవరు? పనమ్మాయి స్టీలు గిన్నెలతో కలిపి సింకులో వేస్తే నోటితో ఊది చేసిన క్రిస్టల్ గ్లాసు నెల తిరక్కుండా పోతుంది. అది కానుక కాదు, ఆ ఇంట్లో గొడవకి బీజం. అలాంటి ఇంటికి జర్మనీ కంపెనీ షాట్ జ్వీసెల్ వాళ్ళ ట్రైటాన్ రకం నయం. సీసం లేకుండా టైటానియం, జిర్కోనియం ఆక్సైడ్లు కలిపి చేస్తారు, మామూలు క్రిస్టల్ కన్నా దెబ్బలకి ఓర్చుకుంటుంది. గ్లాసులు విరిగేది కింద పడి కాదండీ, తుడిచేటప్పుడు. ఒక చేత్తో అడుగు పట్టుకుని రెండో చేత్తో పైభాగం లోపల గుడ్డ తిప్పుతారు, కాడ మెలిపడి టక్కున విరుగుతుంది. పైభాగాన్నే అరచేతిలో పట్టుకుని దాన్నే తుడవాలి, అడుగు జోలికి పోకూడదు. హోటల్లో కొత్తవాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే. కానుకతో పాటు ఈ మాట కూడా అక్కయ్య చెవిన వేయండి.

ఎన్ని కొనాలి అంటే, ఇద్దరూ తాగేవాళ్ళైతే మంచివి రెండు. ఆయన స్నేహితుల్ని పిలిచి తాగే మనిషైతే మధ్యరకం ఆరు. అదీ ఆ ఫొటోలోనే తెలుస్తుంది.

ఇక బిరడా తీసే స్క్రూ కొనాలా అన్న సంగతి. ముందు ఆయన తాగే సీసాలు చూడండి. మన నాసిక్ వైన్లలో చాలా వాటికి తిప్పి తీసే మూతే ఉంటుంది. రోజూ అవే తాగే మనిషికి వెయ్యి రూపాయల స్క్రూ ఇస్తే సొరుగులో పడి ఉంటుంది. బిరడా సీసాలు తాగే మనిషే అయితే మాత్రం ఎలక్ట్రిక్‌వి, రెండు చేతులూ పైకెత్తే బొమ్మలాంటివి వద్దు. వెయిటర్లు జేబులో పెట్టుకునే మడతపెట్టేది కొనండి. జర్మనీలో 1882లో కార్ల్ వీంకె అనే ఆయన పేటెంట్ తీసుకున్న ఆకారం అది, ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. సీసా మూతికి ఆనించే మెట్లు రెండున్నది అడిగి తీసుకోండి. మొదటి మెట్టుతో బిరడా సగం లేస్తుంది, రెండో మెట్టుతో నిటారుగా బయటికి వస్తుంది, విరగదు.

సీసా ఒక్క పూటలో అవ్వక మిగిలిపోతుందా? అలాగైతే గాలి లాగేసే చిన్న పంపు, రబ్బరు మూతలు పనికొస్తాయి. మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో నడుస్తుంది. దీనికి పెద్దన్న కోరావిన్. బిరడా తీయకుండానే సన్నటి సూది దించి, లోపలికి ఆర్గాన్ వాయువు పంపి, కావలసినంత వైన్ బయటికి లాగే పరికరం. 2013లో వచ్చింది. అద్భుతంగా పనిచేస్తుంది, కానీ వాయువు అయిపోయినప్పుడల్లా కొత్త క్యాప్స్యూల్ కొనాలి. ధర మీ బడ్జెట్‌ని ఒక్కటే మింగేస్తుంది. ఖరీదైన సీసాలు దాచుకుని, ఒక్కో గ్లాసు చొప్పున తాగే మనిషి కోసం చేసింది అది. బావగారు ఆ రకం అని మీ ప్రశ్నలో నాకు కనిపించలేదు.

నా లెక్కలో అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉండే కానుక ఇంకొకటి ఉంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసి సీసాకి తొడిగే జెల్ తొడుగు. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలని ఎవరో చెప్పింది పట్టుకుని మన వాళ్ళు మే నెలలో ముప్పైయ్యారు డిగ్రీల వైన్ తాగేస్తారు. ఆ మాట పుట్టింది యూరప్ చలి ఇళ్ళలో. ఎర్రది పదహారు, పద్దెనిమిది డిగ్రీల్లో ఉండాలి. అంతకన్నా వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొట్టి పండు వాసన అణిగిపోతుంది. బెంగళూరు కాబట్టి మీ బావగారికి కొంత నయమే కానీ, అక్కడా ఏప్రిల్ ఎండలు తక్కువేం కాదు. తొడుగు తొడిగి పావుగంట ఆగితే సరిపోతుంది. ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ మీరు గుర్తొస్తారు.

ఇప్పుడు సీసా సంగతి. విజయవాడ నుంచి మోసుకెళ్ళకండి. ఎంత పట్టుకెళ్ళవచ్చో, అసలు పట్టుకెళ్ళవచ్చో లేదో ప్రతి రాష్ట్రానికీ వేరే ఎక్సైజ్ నిబంధన. మీ రైలు కాట్పాడి మీదుగా వెళ్ళేదైతే మధ్యలో తమిళనాడు కూడా తగులుతుంది, మూడు రాష్ట్రాల చట్టాలన్నమాట. పోస్టులో పంపుదామంటే మద్యం తీసుకోరు. అదీకాక మన ఊరి దుకాణాల్లో వైన్ సీసాలు పై అరలో, ట్యూబులైటు కింద, ఎండాకాలం అంతా నిలబడి ఉడికి ఉంటాయి. బెంగళూరులో వైన్‌కే ప్రత్యేకంగా నడిచే ఏసీ షాపులున్నాయి, అక్కడే కొనండి. కర్ణాటక ప్రభుత్వం 2007లోనే వైన్ బోర్డు పెట్టింది, అక్కడి ద్రాక్షతోటల సరుకు ఆ ఊళ్ళో తేలిగ్గా దొరుకుతుంది.

ఏ సీసా? ఆయనకి బాగా తెలిసిన దాంట్లో మీరు పోటీ పడకండి. ఆయన ఫ్రెంచ్ వైన్లు చదివి తాగే మనిషైతే మీరు ఇంకో ఫ్రెంచ్ సీసా కొనడం దండగ. విదేశీ వైన్ మీద మన దగ్గర చాలాకాలంగా కస్టమ్స్ సుంకం 150 శాతం, దానిపైన రాష్ట్రం పన్నులు. ఆస్ట్రేలియాతో 2022లో అమల్లోకి వచ్చిన ఒప్పందం లాంటివాటితో కొన్ని దేశాల సరుకు మీద ఈ మధ్య తగ్గిస్తున్నారు కానీ, షాపులో మీ రెండువేలకి వచ్చేది ఆ దేశంలో మామూలు సూపర్‌మార్కెట్ వైనే. అమెరికా నుంచో లండన్ నుంచో మీ చుట్టాలెవరైనా ఆ సమయానికి వస్తుంటే అది వేరు. ఒక ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండు.

నేనైతే ఆయనకి ఒక కథ ఉన్న మన దేశపు సీసా ఇస్తాను. హంపి కొండల దగ్గర క్రస్మా అనే తోట ఉంది. హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి పెట్టింది, ఇద్దరి పేర్లూ కలిపితే వచ్చిన పేరే అది. మారథాన్లు పరిగెత్తే దంపతులుగా కూడా వాళ్ళు చాలామందికి తెలుసు. వాళ్ళ కాబర్నే సావిన్యోన్, సాంజియోవేజే రెండూ మాట్లాడుకోదగ్గ ఎర్ర వైన్లు. తెలుగువాళ్ళు వేసిన ద్రాక్షతోట నుంచి వచ్చిందంటే బావగారు తన స్నేహితులకి చెప్పుకోవడానికి ఒక ముక్క దొరుకుతుంది. అది దొరక్కపోతే నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ జంపా వాళ్ళ లా రిజర్వ్. ఫ్రాన్స్‌లోని బోర్డోకి చెందిన వైన్ నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాతో మొదలైన వైన్. లేదా షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో తయారయ్యే ఫ్రాటెల్లి వాళ్ళ సెట్టె.

లేబుల్ మీద సంవత్సరం చూడటం మర్చిపోకండి. ఎంత పాతదైతే అంత గొప్ప అన్నది వైన్ గురించి జనంలో ఉన్న పెద్ద భ్రమ. నూటికి తొంభై పాళ్ళు వైన్లు కొన్నేళ్ళలో తాగేయడానికి చేసినవే. తెల్లది, 'రోజే' అనే గులాబీ రంగుది రెండు మూడేళ్ళకి మించి పాతదైతే తీసుకోకండి. మన దేశంలో కోత జనవరి నుంచి మార్చి లోపల అవుతుంది. వానల తర్వాత కొమ్మలు కత్తిరిస్తారు, చలికాలంలో కాయ పండుతుంది. కాబట్టి లేబుల్ మీద ఉన్న ఏడాది మొదట్లోనే ఆ ద్రాక్ష కోశారని లెక్క వేసుకోవచ్చు. సీసా మూతి దగ్గర జిగురుగా కారిన మరక ఉన్నా, బిరడా పైకి ఉబ్బి కనిపించినా పక్కన పెట్టేయండి. ఎక్కడో ఎండలో కాగింది.

వద్దన్నవి త్వరగా చెప్పేస్తాను. "వైన్ ఓ క్లాక్" అని రాసిన కప్పులు, కొటేషన్ల చెక్కలు, బొమ్మ పొట్టలో సీసా దూర్చే స్టాండ్లు. గోడకి బిగించే రాక్ అసలే వద్దు, అది చివరికి పొయ్యి పక్కన వేడి తగిలేచోటే బిగుస్తుంది. హంసమెడ డికాంటర్, అంటే వైన్ ఒంపుకునే గాజు కూజా, చూడ్డానికి బావుంటుంది, లోపల కడగడానికి ఆ దేవుడే దిగిరావాలి. సెల్లోఫేన్ చుట్టిన గిఫ్ట్ హ్యాంపర్లలో ఎండుగడ్డి ఎక్కువ, సరుకు తక్కువ. ఆ డబ్బుతో ఒక్క మంచి వస్తువు కొనొచ్చు.

అక్కయ్య దగ్గరికి వద్దాం. వంట పిచ్చి ఉన్నవాళ్ళకి గాడ్జెట్లు కొనడం అందరూ చేసే పని. ఎయిర్‌ఫ్రయర్ ఆవిడ ఎప్పుడో కొనేసి ఉంటుంది. ఆవిడకి లేనిది, బెంగళూరులో తేలిగ్గా దొరకనిది, అన్నిటికన్నా ముఖ్యంగా తయారుచేసి ఇవ్వడానికి మీ ఇంట్లో మనిషి ఉన్నది ఏమిటో చూడండి. నాకు తట్టింది రాచ్చిప్ప. బలపపు రాయిని తొలిచి చేసే గిన్నె. పులుసు, పప్పుచారు, ముక్కల పులుసు దాంట్లో కాస్తే ఆ రుచి స్టీలు గిన్నెలో రాదు. చింతపండు పులుపుకి రాయి ఏమీ కాదు, ఇత్తడైతే కళాయి లేకపోతే కిలుం పట్టి పులుసు పాడవుతుంది. పొయ్యి కట్టేసిన తర్వాత కూడా రాచ్చిప్పలో పులుసు కొన్ని నిమిషాలు కుతకుతమంటూనే ఉంటుంది, అందుకే కాస్త ముందుగానే దించాలి.

కొత్త రాచ్చిప్పని నేరుగా పొయ్యి ఎక్కిస్తే పగులుతుంది. దాన్ని మెల్లగా వేడికి అలవాటు చేయాలి. ఇక్కడే అమ్మ పాత్ర. బియ్యం కడిగిన నీళ్ళు పోసి ఒక రోజు ఉంచి, తర్వాత రోజూ వేడి గంజి పోసి ఆరేదాకా వదిలి, వారం రోజులు ఇలా చేసి, పైనా లోపలా నూనె, పసుపు పట్టించి ఎండబెట్టి, చివరికి సన్నసెగ మీద నీళ్ళు కాచి చూడాలి. సబ్బు తగలకూడదు, రాయి సబ్బుని పీల్చుకుంటుంది. శనగపిండో శీకాయో వేసి తోమాలి. వేడి మీద ఉన్నప్పుడు చన్నీళ్ళు పోయకూడదు. కొట్లో కొన్న కొత్త రాచ్చిప్ప ఇస్తే అక్కయ్యకి పని పెట్టినట్టు. అమ్మ వారం రోజులు గంజి పోసి అలవాటు చేసినది ఇస్తే, దిగిన రోజు సాయంత్రమే పొయ్యి ఎక్కుతుంది. దీన్ని మించిన కానుక పదివేలు పెట్టినా నాకు తోచదు. బరువు మాత్రం చూసుకోండి, ఇద్దరు ముగ్గురికి సరిపడే చిన్నది చాలు. పాత చీరలో చుట్టి చేతి సంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో వేస్తే అడుగు చీలుతుంది.

దానికి తోడు తినేసి అయిపోయేవి కొన్ని. గుంటూరు సన్నం మిరప తొడిమలు తీసి, ఎండబెట్టి, మీ వీధి మిల్లులో మీ కళ్ళ ముందు కొట్టించిన కారం అరకేజీ. బ్యాడిగ మిరప బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతుంది, అది రంగుకి. ఆవిడకి అక్కడ దొరకనిది మన కారంలోని ఘాటు. అరకు కాఫీ గింజలు కొంటే ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి, నెల దాటితే వద్దు. ఆవిడ దగ్గర గ్రైండర్ లేకపోతే పొడి కొట్టించి తీసుకెళ్ళండి, లేదా ఫిల్టర్ కాఫీ తాగే ఇంటికి చికోరీ లేని అరకు నచ్చుతుందో లేదో ముందే అడగండి. తాటిబెల్లం, ఆత్రేయపురం పూతరేకులు సరేసరి. పూతరేకులు మాత్రం బయల్దేరే ముందు రోజు తెప్పించండి.

గానుగ నూనె, ఇనుప మూకుడు ఇద్దామనుకుంటే ఒక్క జాగ్రత్త. రెండూ మంచి వస్తువులే. కానీ నువ్వుల నూనె, ఇనుము ఒకే సంచిలో పెట్టి, అదీ శనివారం నాడు, మీ అమ్మగారి ముందు అల్లుడింటి గుమ్మంలో చేతికిస్తే శనిదానం చేస్తున్నారా అంటారు. వేరుశనగ నూనె, రాతి గిన్నె అయితే ఏ గొడవా లేదు. మంచి చాకు ఇవ్వాలనిపిస్తే, అది బంధాన్ని కోస్తుందన్న నమ్మకం కొద్దీ, ఒక రూపాయి బిళ్ళ తీసుకుని "నాకు అమ్మేశారు" అనిపించుకోవడం చాలా చోట్ల ఉన్న తంతే, మీరూ అలా చేయొచ్చు.

ఇప్పుడు ఈ రెండు కానుకల్నీ ఒకే బల్ల మీదికి తేవాలి. మీరు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఇది. ఒక అట్టముక్క మీద అక్కయ్య చేసే నాలుగు వంటల పేర్లు రాసి, దేనికి ఏ వైన్ నప్పుతుందో పక్కన రాయండి. మన కారానికి ఎర్ర వైన్ పడదని చాలామంది బావగార్లు ఇంట్లో ఎన్నో సీసాలు పాడుచేసుకున్నాక తెలుసుకుంటారు. కారం ఉన్నచోట ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ మంటని పెంచుతుంది, ముదురు ఎర్రదానిలోని వగరు నోట్లో ఇంకా గరుకుగా తగులుతుంది. గోంగూర మాంసంతో గట్టి కాబర్నే తాగి చూసినవాళ్ళని అడగండి. అందుకని కోడివేపుడుకి కొంచెం తీపి ఉండి, చల్లగా ఇచ్చే షెనాన్ బ్లాన్ లేదా రీస్లింగ్ లాంటి తెల్ల వైన్. గోంగూర లాంటి పుల్లటి కూరకి దానికంటే పులుపున్న సావిన్యోన్ బ్లాన్, లేకపోతే వైన్ చప్పగా నీళ్ళలా తోస్తుంది. రొయ్యల ఇగురుకి రోజే. దమ్ బిర్యానీకి కాస్త చల్లబరిచిన సాంజియోవేజే బాగుంటుంది, మిర్చీ కా సాలన్ పక్కన పెట్టి తింటే మాత్రం మళ్ళీ తెల్లదే. బొబ్బట్లకీ పూతరేకులకీ సులా వాళ్ళ లేట్ హార్వెస్ట్ షెనాన్ బ్లాన్, చిన్న సీసాలో వస్తుంది. తీపి వంటకం కన్నా వైన్ తియ్యగా ఉండాలి, అదొక్కటే సూత్రం. రాచ్చిప్పలో పులుసుకి ఏ వైన్ అంటే, ఏదీ వద్దు, వేడన్నం చాలు.

అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఇంకా ఉంటే తలా కొంత వేసుకుని వాళ్ళిద్దరికీ ఒక రోజు కానుకగా ఇవ్వొచ్చు. గ్రోవర్ జంపా తోట బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరం, దొడ్డబళ్ళాపుర వైపు. తోట చూపించి, పీపాలున్న గది చూపించి, రుచి చూపిస్తారు. మైసూరు దారిలో చెన్నపట్న దగ్గర డొమేన్ సులా ఉంది. ముందుగా బుక్ చేసి వోచర్ కవర్లో పెట్టి ఇవ్వండి, తేదీ మాత్రం వాళ్ళకే వదిలేయండి. బావగారు పుస్తకాలు చదివి నేర్చుకునే రకమైతే లండన్‌లో 1969లో మొదలైన, వైన్ పాఠాలు చెప్పే డబ్ల్యూఎస్ఈటీ అనే సంస్థ వాళ్ళ లెవెల్ వన్ కోర్సు ఉంది, ఒక్కరోజు చదువు, చివర్లో పరీక్ష, మన దేశంలోనూ నేర్పుతారు. ఆయనకి పరీక్ష అంటే టెన్షన్ అయితే ఆ ఊసే ఎత్తకండి, యాభై ఏళ్ళప్పుడు ఫెయిలవడం ఎవరికీ సరదా కాదు.

నాన్నగారి సంగతి. సీసాని కానుకల మధ్య పెట్టకండి. గ్లాసులు, తొడుగు, రాచ్చిప్ప, పూతరేకులు అందరి ముందూ ఇవ్వండి. గ్లాసుల్లో రస్నా పోసుకున్నా తప్పు లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. సీసా మాత్రం కొన్న షాపు నుంచి నేరుగా బావగారి చేతికి, పార్కింగ్‌లోనో వంటింట్లోనో. దాన్ని ఆ రాత్రే తెరవాలని మీరు ఎదురుచూడకండి, అడగకండి. ఇచ్చిన సీసా ఎప్పుడు తెరవాలన్నది తీసుకున్నవాళ్ళ ఇష్టం. ఆ రోజు వంటకి తగ్గట్టు ఆయన ముందే వేరే సీసా చల్లబరిచి ఉంచుకుంటారు.

మొత్తం మీద నా కొనుగోలు పట్టీ: ట్రైటాన్ గ్లాసులు రెండు, జెల్ తొడుగు ఒకటి, బెంగళూరులో కొనే ఒక్క సీసా, అమ్మ చేతి రాచ్చిప్ప, కారం, కాఫీ, పూతరేకులు. పదివేలు దాటదు. గ్లాసులు ఆర్డరు పెట్టే ముందు మాత్రం అక్కయ్యకి ఏదో వంక చెప్పి వంటింటి అలమార అరల మధ్య ఎత్తు కొలిపించండి. కాడ గ్లాసులు ఒక్కోటి ఇరవై రెండు, ఇరవై మూడు సెంటీమీటర్లు ఉంటాయి, పట్టకపోతే అవి ఫ్రిజ్ మీదే బతకాలి.